ప్రీసెట్‌ని "మేళం" అనొచ్చా?

ప్రశ్న, బరంపురం నుంచి:

అందరికీ నమస్కారం. మా వీధి కల్యాణమండపంలో డిజిటల్ మిక్సర్ ఉంది, ట్యాబ్‌లోని సాఫ్ట్‌వేర్‌తో నడుపుతాం. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదువుకున్న కుర్రాళ్లకి నేర్పడానికి తెలుగులో కొన్ని పేజీలు రాస్తున్నాను. "కస్టమ్ ప్రీసెట్", "కంట్రోల్ లేఅవుట్" దగ్గర ఆగిపోయాను. ఒక పెద్దాయన్ని అడిగితే "పూర్వనిర్ధారిత విన్యాసం" అన్నారు. అది మా వాళ్ల నోట తిరగదు. మంచి మాట ఉందా, లేక ఇంగ్లీషుదే ఉంచేయనా?

జవాబు, పర్లాకిమిడి నుంచి:

తమ్ముడూ, ముందు వస్తువుని విడదీసి చూద్దాం. మిక్సర్‌లో మనం దాచుకునేవి మూడు రకాలు. ఒక్క చానెల్ (ఒక మైకు లేదా వాద్యం శబ్దం వచ్చే దారి) ఈక్యూ (లోతు, కీచు శబ్దాల సర్దుబాటు), కంప్రెసర్ (మరీ పెద్ద శబ్దాన్ని అణచేది), గేట్ (చిన్న చప్పుళ్లని ఆపేది) కలిపి దాస్తే ప్రీసెట్. మొత్తం మిక్సర్ ఆ నిమిషంలో ఎలా ఉందో అలాగే దాస్తే సీన్. తెర మీద ఏ ఫేడర్ (శబ్దం పెంచి తగ్గించే జారుడు మీట) ఎక్కడుండాలి, ఏ బటన్ ఏం చేయాలి అన్నది లేఅవుట్. లేఅవుట్ మారిస్తే శబ్దం మారదు, వేలు వెళ్లే చోటు మారుతుంది, అంతే. మూడింటికీ "అమరిక" అని ఒకే మాట పెట్టేస్తే చిక్కు వస్తుంది. సన్నాయి చానెల్ ఒక్కటే సరిచేద్దామనుకున్న కుర్రాడు సీన్ తెరిచాడంటే మిగిలిన మైకుల గెయిన్‌లు (మైకు నుంచి వచ్చే శబ్దాన్ని ఎంత పెంచాలన్న మోతాదు) కూడా మారిపోవచ్చు. తాళి కట్టే వేళ అలా జరిగితే ఎంత టెన్షనో నీకు తెలుసు.

ప్రీసెట్‌కి నేను "మేళం" అంటాను. మేళం అనగానే సన్నాయి, డోలు గుర్తొస్తాయి, నిజమే. కానీ సంగీతంలో ఈ మాటకి ఇంకో పాత వాడుక ఉంది. 1550లో రామామాత్యుడు రాసిన స్వరమేళకళానిధిలో మేళం అంటే రాగానికి కావలసిన స్వరాల కూర్పు. వీణల్ని వర్ణించేటప్పుడు ఆయన ప్రతి రకంలోనూ రెండు పద్ధతులు చెప్పాడు. ఏకరాగ మేళ వీణకి ఒక్క రాగానికి సరిపడా మెట్లు ఉంటాయి. ఇంకో రాగం వాయించాలంటే మెట్లు జరపాలి. సర్వరాగ మేళ వీణకి అన్ని స్వరాల మెట్లూ ముందే ఉంటాయి, ఏ రాగమైనా వాయించుకోవచ్చు. ఈనాటి 24 మెట్ల వీణ ఈ రెండో దారిదే.

నీ కుర్రాళ్లకి ప్రీసెట్ అంటే ఏమిటో ఇంతకంటే బాగా చెప్పడం నాకు చేతకాదు. నువ్వు గొంతు కోసం చేసి దాచినది ఏకరాగ మేళం లాంటిది. అందులో 100 హెర్ట్జ్ కంటే కిందుండే లోతైన శబ్దాన్ని కోసేసి ఉంటావు. మైకు స్టాండ్‌కి తగిలిన చప్పుడు, గాలి ఊపు పోవాలంటే అది అవసరం. దాన్నే తీసుకెళ్లి మృదంగం చానెల్‌లో తెరిస్తే ఎడమవైపు తొప్పి గుమ్మనడం పోయి, అట్టపెట్టె మీద కొట్టినట్టు వినిపిస్తుంది. ప్రీసెట్‌లో తప్పేమీ లేదు, అది ఆ వాద్యానికి కట్టిన మేళం కాదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు "వోకల్ అని రాసుంది కదా, బాగుంటుంది" అని ప్రతిదానికీ అదే పెట్టడం నేను చాలా చోట్ల చూశాను. మేళం అన్న మాట తెలిస్తే "దేనికి కట్టిన మేళం?" అన్న ప్రశ్న తనంతట తనే వస్తుంది.

ఇంకో లాభం మన సరిహద్దు జిల్లాలకే దక్కేది. ఒడిశీ సంగీతంలో కూడా రాగాల్ని మేళాల కింద చెబుతారు. ఒడియాలోనూ ఆ మాటలో "ళ" నిలిచే ఉంది. ఒడియా బడిలో చదివిన పిల్లాడికి ఇది పరాయి మాట కాదు.

క్రియ కూడా సిద్ధంగానే ఉంది. "వీణ మేళవించాడు" అంటే శ్రుతి చేశాడని. కాబట్టి "ముందు చానెల్ మేళవించు, బాగున్నాక ఆ మేళం దాచు" అని రాయి. గెయిన్ మాత్రం మేళంలో కలపొద్దని చెప్పు. ఎక్స్32 లాంటి డిజిటల్ మిక్సర్లలో దాచిన ప్రీసెట్ తెరిచేటప్పుడు ఏ భాగాలు రావాలో ఎంచుకోవచ్చు. అక్కడ హెడ్ ఆంప్ (గెయిన్ ఉండే భాగం) వదిలేయాలి. మనిషి గొంతు, మైకుకీ నోటికీ మధ్య దూరం ప్రతి కార్యక్రమానికీ మారతాయి, నిన్నటి గెయిన్ ఇవాళ పనికిరాదు.

లేఅవుట్‌కి "వరస" సరిపోతుంది. హరికథ వరస అంటే దాసుగారి గొంతు, వయొలిన్, మృదంగం, చివర మాస్టర్ (మొత్తం శబ్దానికి ఫేడర్). మిగిలిన ఫేడర్లు తెర మీద కనిపించనే కూడదు. మిక్సింగ్ స్టేషన్ యాప్‌లో ఇలా సొంత వరసలు కట్టుకోవచ్చు. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో అయితే ట్రాక్ ప్యానెల్ లేఅవుట్లు ఉంటాయి. గొంతు ఫేడర్ ఎప్పుడూ బొటనవేలికి దగ్గరలో ఉంచమను. అన్నిటికంటే ఎక్కువగా కదిలేది అదే.

రాయగడ నుంచి:

అన్నయ్యా, మేళం కంటే "బాణీ" తేలిక కదా? మావాళ్లు "నీ బాణీలో పెట్టు" అంటారు.

పర్లాకిమిడి:

చెల్లీ, బాణీ అందమైన మాటే. కానీ అది మనిషిది. ఒకే మేళం ఇద్దరి చేతికిస్తే, పాట నడుస్తుంటే ఎవరు ఎప్పుడు ఫేడర్ ఎత్తుతారో, ఎకో ఎంత కలుపుతారో అది వాళ్ల బాణీ. ఫైల్‌లో దాచగలిగేది మేళం ఒక్కటే. ఆ తేడా చెరిగిపోకూడదని నా పట్టుదల.

బరంపురం:

చాలా థాంక్స్ అన్నా. ఒక్క అనుమానం. "మేళం పిలువు" అని రాస్తే సన్నాయి వాళ్లని పిలవమన్నారని అనుకుంటారు.

పర్లాకిమిడి:

అవును, అందుకే "పిలువు" వద్దు. "మేళం తెరువు" అను, మొదటి పేజీలో "చానెల్ మేళం" అని పూర్తిగా రాయి, తర్వాత అలవాటవుతుంది. పూర్వనిర్ధారిత లాంటివి మాత్రం దయచేసి వద్దు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది మా ఊళ్లోనే. వ్యవహారంలో ఉన్న మాటే పుస్తకంలో ఉండాలని ఆయన జీవితమంతా పోరాడారు. సవరల భాషని సవరల దగ్గరే కూర్చుని నేర్చుకున్నారు. నీ నాలుగు పేజీలకి ఆ దారి చాలు. ఒకసారి రాసి కుర్రాళ్ల చేత పైకి చదివించు, ఎక్కడ నాలుక తడబడితే అక్కడ మాట మార్చెయ్. ఎక్స్32లో పేరుకి కొద్ది ఇంగ్లీషు అక్షరాలే పడతాయి కాబట్టి అక్కడ పొట్టి పేర్లు పెట్టించు: వాద్యం పేరు, పక్కన మైకు నంబరు.

రాయగడ:

మరి సీన్‌కి?

పర్లాకిమిడి:

దాన్ని కదపొద్దు. నాటకాలు చూసిన ప్రతి ఇంట్లోనూ "సీను మారింది" అంటారు. తెర పడి లేచేసరికి రంగస్థలం మీద అన్నీ ఒక్కసారి మారినట్టే, సీన్ తెరిస్తే మిక్సర్‌లో అన్నీ మారతాయి. కుర్రాళ్లు దానికి భయపడాలి కూడా. సీన్ తెరిచే ముందు ఇప్పుడున్నది కొత్త పేరుతో దాచుకోవాలని మాత్రం పెద్ద అక్షరాల్లో రాయి.