పాత కంప్యూటర్ ఫ్యాన్ తిరిగి ఆగిపోతా ఉంది, ఆన్ కావట్లేదు, ఎవరన్నా చెప్పండన్నా

అన్నా, మాది తిరుపతి కొర్లగుంట. ఇంట్లో 2009లో కొన్న అసెంబుల్డ్ సిస్టం ఉండాది, డీడీఆర్2 ర్యామ్ 2 జీబీ, విండోస్ 7. మొన్న రాత్రి వానకి కరెంటు నాలుగైదు సార్లు పోతా వస్తా ఉన్నింది, పొద్దున్నే బటన్ నొక్కితే సీపీయూ ఫ్యాన్ రెండు సెకన్లు తిరిగి టక్కుమని ఆగిపోతుంది, దానంతట అదే మళ్ళీ తిరుగుతుంది, మళ్ళీ ఆగుతుంది, మానిటర్‌లో ఏమీ రాదు, బీప్ కూడా లేదు.

ర్యామ్ తీసి కాంటాక్టులు రబ్బరుతో తుడిచి పెట్టినా, సీమాస్ సెల్లు (బోర్డు మీద టైము, సెట్టింగులు నిలిపే చిన్న బ్యాటరీ) సీఆర్2032 కొత్తది వేసినా, అదే కథ. ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సప్లై డబ్బా) 24 పిన్నుల కనెక్టర్‌లో పచ్చ వైరు, నల్ల వైరు కలిపితే దాని ఫ్యాన్ ఆగకుండా తిరుగుతా ఉంది, కానీ లోడ్ లేకుండా తిరిగినంత మాత్రాన అది బాగున్నట్టేనా? టార్చి వేసి చూస్తే ప్రాసెసర్ పక్కన మూడు కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉండాయి, ఒకదాని మీద గోధుమ రంగు జిగురు మాదిరి కారి ఎండిపోయింది.

షాపులో తెరిచి కూడా చూడకుండా పారేసి కొత్తది తీసుకోమన్నారు. దాంట్లో మా నాయన ఫోటోలు ఉండాయన్నా, ఆయన పోయి మూడేళ్ళయింది, ఇంకెక్కడా కాపీ లేదు. హార్డ్ డిస్క్ సాటా కనెక్టర్ రకమే, 3.5 అంగుళాలది, 12 వోల్టుల అడాప్టర్ ఉండే యూఎస్‌బీ కేబుల్ కొని ల్యాప్‌టాప్‌కి తగిలించి ముందు ఫోటోలు తీసేదా? కెపాసిటర్లు మారిస్తే మదర్‌బోర్డు లేస్తుందా? తిరుపతిలో కాకున్నా చిత్తూరులో అయినా ఆ సోల్డరింగ్ చేసేవాళ్ళు ఉంటే చెప్పండి, నేనే తీసుకుని వస్తా.