హైదరాబాదు నుంచి దుబాయి: వెళ్లడానికి రెండున్నర గంటలు, రావడానికి అయిదు గంటలా?

ప్రశ్న (టెక్కలి నుంచి)

మా తమ్ముడు వెల్డింగు పని మీద మొదటిసారి దుబాయి వెళుతున్నాడు. టిక్కెట్టు ప్రకారం శంషాబాదులో ఉదయం 10.00కు బయలుదేరే విమానం మధ్యాహ్నం 12.30కి దుబాయి చేరుతుంది. తిరుగు ప్రయాణంలో మాత్రం అక్కడ మధ్యాహ్నం 2.00కు బయలుదేరి రాత్రి 7.00కు హైదరాబాదులో దిగుతుందని ఉంది. భూమి తూర్పుకు తిరుగుతుంది కనుక పడమటికి వెళ్లే విమానానికి దుబాయే ఎదురొస్తుందని మా నాన్నగారు వాదిస్తున్నారు. అసలు దూరమెంత, ప్రయాణ సమయమెంత? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం 1 (విజయనగరం నుంచి)

టిక్కెట్టు మీద ఏ ఊరి సమయాన్ని ఆ ఊరి గడియారం ప్రకారమే వేస్తారండీ. మన గడియారానికి ఆధారం కాకినాడ సమీపం నుంచి వెళ్లే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. దుబాయి గడియారానికి ఆధారం 60 డిగ్రీలు. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 22.5 డిగ్రీలకు 90 నిమిషాలు వస్తుంది కనుక అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనుక ఉంటుంది. ఆ గంటన్నరను వెళ్లేటప్పుడు కలిపి, వచ్చేటప్పుడు తీసివేయండి: వెళ్లడానికి నాలుగు గంటలు, రావడానికి మూడున్నర గంటలు తేలుతుంది. గగనమార్గాన దూరం సుమారు 2,550 కిలోమీటర్లు.

సమాధానం 2 (శ్రీకాకుళం నుంచి)

పై లెక్క సరైనదే కానీ, మిగిలిన ఆ అరగంట తేడా సంగతి కూడా చెప్పుకోవాలి. నాన్నగారి వాదన వినడానికి బాగుంటుంది గానీ నిలవదు. పలాస ప్యాసింజరులో కూర్చుని ఒక జీడిపిక్కను పైకి ఎగరేస్తే అది వెనుక పెట్టెలో పడదు, మన చేతిలోనే పడుతుంది. భూమితోపాటు గాలీ, గాలిలోని విమానమూ కలిసి తిరుగుతున్నాయి. నిజానికి ఆయన చెప్పినదానికి విరుద్ధంగా పడమటికి వెళ్లేటప్పుడే ఎక్కువ సమయం పడుతోంది కదా! విమానాలు ఎగిరే ఎత్తులో, ముఖ్యంగా చలికాలంలో, పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలులు వీస్తాయి. వెళ్లేటప్పుడు అవి ఎదురుగాలులు, వచ్చేటప్పుడు వెనుక నుంచి తోసే గాలులు.

గంటకు 800 కిలోమీటర్లకు పైగా వేగంతో పోయే విమానానికి నాలుగు గంటలెందుకని మళ్లీ సందేహం రావచ్చు. టిక్కెట్టు మీది సమయం నిలిచిన చోటు నుంచి కదిలినప్పటి నుంచి, అవతల నిలిపే చోటికి చేరేవరకు. రన్‌వే వరకు మెల్లగా నడవడం, పైకెక్కడం, దిగడం అన్నీ అందులోనివే.

సమాధానం 3 (సోంపేట నుంచి)

మీది పగటి విమానం కనుక ఇబ్బంది లేదు. నాకు మాత్రం 15వ తేదీ 00.40కి విమానమైతే, 15 రాత్రి అనుకుని ఒక రోజు ఆలస్యంగా చేరి టిక్కెట్టు పోగొట్టుకున్నాను. అది 14వ తేదీ రాత్రి భోజనం చేసి వెళ్లవలసిన విమానమన్నమాట. విశాఖ నుంచి హైదరాబాదుకు విమానమెక్కేటట్లయితే ఇంకొక మాట: టెక్కలి నుంచి విశాఖకు రోడ్డు మీద 150 కిలోమీటర్లకు పైనే. దుబాయి నుంచి రావడానికి పట్టినంత సేపు మనకు ఈ దారికే పట్టినా ఆశ్చర్యం లేదు.

ప్రశ్న అడిగినవారి జవాబు

అందరికీ ధన్యవాదాలు. జీడిపిక్క ఉదాహరణ చదివి వినిపిస్తే నాన్నగారు కాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు. తమ్ముడు 12.30కి దిగుతాడని అమ్మ అప్పటి నుంచే ఫోను పట్టుకుని కూర్చునేది. మన గడియారంలో రెండు గంటలు దాటేవరకు ఎదురుచూడవద్దని చెప్పాను.