జమీందారీల పటంలో ప్రాంతాల సరిహద్దులు ఒకదానితో ఒకటి అతకడం లేదు

ప్రశ్న: సాగరతీరం, విశాఖపట్నం

1750 నుంచి 1802 వరకు ఉత్తరాంధ్ర జమీందారీల కథతో ఒక వ్యూహాత్మక ఆటను మిత్రులం కొందరం తయారుచేస్తున్నాము. పాత పటాన్ని స్కాన్ చేసి, క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో దాని మీద విజయనగరం, బొబ్బిలి వంటి ప్రాంతాలను విడివిడిగా పాలిగన్లుగా (మూసిన ఆకారాలుగా) గీశాము. దగ్గరికి వెళ్లి చూస్తే పక్కపక్క ప్రాంతాల మధ్య కొన్నిచోట్ల సన్నని చీలికలు, కొన్నిచోట్ల ఒకదానిపై ఒకటి ఎక్కిన పట్టీలు కనబడుతున్నాయి. సైన్యం ఆ చీలికలోకి వెళితే ఏ ప్రాంతంలోనూ లేనట్టే ఆట లెక్కిస్తోంది. బిందువులను ఒక్కొక్కటిగా జరపడం తప్ప వేరే మార్గం ఉందా? 1757 బొబ్బిలి యుద్ధం తరువాత సరిహద్దు మారాలి కనుక, అప్పుడు మళ్లీ ఇదే పని చేయవలసి వస్తుందా?

జవాబు: గోస్తని

బిందువులను జరపకండి. ఒకే సరిహద్దును అటు ప్రాంతానికి ఒకసారి, ఇటు ప్రాంతానికి ఒకసారి గీసినంత కాలం, చెయ్యి ఎంత కుదురుగా ఉన్నా ఆ రెండు గీతలు కలవవు. పాలిగన్లను పక్కనపెట్టి గీతలను మాత్రమే వేరే లేయర్‌లో గీయండి. స్నాపింగ్ (దగ్గరి బిందువుకు గీత దానంతటదే అతుక్కునే సదుపాయం) పెట్టుకుని, మూడు ప్రాంతాలు కలిసే ప్రతిచోటా మూడు గీతలూ ఒకే బిందువు దగ్గర ముగిసేలా చూడండి. తరువాత పాలిగనైజ్ సాధనం ఆ గీతల నుంచే ప్రాంతాలను తయారుచేస్తుంది. ఎక్కడైనా గీత మూసుకోకపోతే ఆ ప్రాంతం అసలు తయారే కాదు కాబట్టి, లోపం ఎక్కడుందో వెతుక్కోనక్కరలేదు.

ఇంకొక ప్రమాదం ఉంది. ఆట తేలికగా నడవడానికి గీతల్లో బిందువులను తగ్గిస్తారు కదా, ఆ పనిని ఒక్కొక్క పాలిగన్ మీద విడిగా చేస్తే, పోయిన చీలికలు తిరిగి వస్తాయి. టోపోజేసన్ అనే ఫైలు రూపం ఉమ్మడి గీతను ఒక్కసారే దాచుకుంటుంది. మ్యాప్‌షేపర్ అనే సాధనం కూడా ఉమ్మడి గీతను ఒకటిగానే తగ్గిస్తుంది.

జవాబు: పాతపటాలు

గోస్తని గారి మాటతో ఏకీభవిస్తూనే, మీ రెండవ ప్రశ్నకు జవాబు గీతల్లో లేదని నా అభిప్రాయం. జమీందారీనే ప్రాంతంగా పెట్టుకోవడం వల్ల మీకు సరిహద్దు మార్చే పని పడుతోంది. అంతకంటే చిన్నవైన పరగణాల (కొన్ని ఊళ్ల సమూహాల) వంటి తునకలను గీసుకుంటే, యుద్ధం తరువాత తునకకు యజమాని మారతాడు తప్ప గీత కదలదు. 1758 చందుర్తి యుద్ధంలో ఫ్రెంచివారు ఓడినా, 1794 పద్మనాభం యుద్ధం తరువాత విజయనగరం జమీందారీ కుదించుకుపోయినా, 1802లో శాశ్వత శిస్తు విధానం వచ్చినా అదే పటం సరిపోతుంది.

జయపురం వైపు కొండల్లో సర్వే చేసిన గీత ఆనాడు లేదు కాబట్టి, అక్కడ కొండల శిఖరరేఖను పట్టుకుని పోవడం మేలు. నేటి జిల్లాల గీతలను మాత్రం అరువు తెచ్చుకోకండి: శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం 1979లో, అనకాపల్లి 2022లో ఏర్పడినవి.

సాగరతీరం

ధన్యవాదాలు. గీతలనే మళ్లీ గీస్తాము. పటాన్ని జియోరెఫరెన్స్ చేయడానికి, అంటే నేల మీది అసలు స్థానాలకు సరిపెట్టడానికి, నదీముఖాలను ఆధారబిందువులుగా తీసుకోవచ్చునా?

జవాబు: గోస్తని

వద్దండి. నాగావళి, వంశధార వంటి నదుల ముఖాలు ఇసుక మేటలతో చోటు మారుతుంటాయి. సింహాచలం, శ్రీకూర్మం ఆలయాలు, డాల్ఫిన్స్ నోస్ కొండ పాత పటంలో గుర్తుపట్టగలిగితే వాటినే తీసుకోండి. ఈ పని గీతలు మొదలుపెట్టక ముందే ముగించాలి. చివరలో ఒక్కో తునకకు ఒక్కో రంగు వేసి బొమ్మగా ఇచ్చేటట్లయితే, యాంటీ ఎలియాసింగ్ (అంచులను మధ్య రంగులతో నునుపు చేయడం) ఆపి పీఎన్‌జీగా భద్రపరచండి. జేపెగ్ అంచుల దగ్గర మీరు వేయని రంగులను పుట్టిస్తుంది, ఆట వాటిని పేరులేని ప్రాంతాలుగా చదువుతుంది.