75 గజాల ఇంట్లో ఓపెన్ టు స్కై వదలాలా, గది వేసుకోవాలా?

బోడుప్పల్_వాసి: 75 గజాల ప్లాటు. వెడల్పు 15 అడుగులు, లోతు 45, తూర్పు రోడ్డు. ఉత్తరం పక్కన రెండంతస్తుల గోడ లేచి ఉంది, దక్షిణం ఇంకా ఖాళీ. జీ ప్లస్ వన్ వేస్తున్నాం. మధ్యలో 6×6 ఆకాశానికి వదలాల్సిందేనని మా ఆవిడ పట్టు. ఆ జాగాలో కింద పూజగది, పైన బాత్రూమ్ వస్తాయని మేస్త్రీ. ఏం చేయమంటారు?

సైట్‌మీదోడు: వదలకన్నా. పావురాలు, దోమలు, వానొస్తే హాల్లో జల్లు. మండువా లోగిలి కట్టుకున్నోళ్లకు ఎకరాలున్నయ్. నీకు దక్షిణం ఖాళీనే కదా, అటు పెద్ద కిటికీలు పెట్టుకో.

నల్లకోటు: కిటికీల సంగతి మాత్రం నమ్ముకోకండి. 1882 ఈజ్‌మెంట్స్ చట్టం (పక్క స్థలం మీదుగా వచ్చే వెలుతురు, దారి లాంటి హక్కుల చట్టం) ప్రకారం వెలుతురు మీద హక్కు రావాలంటే 20 ఏళ్లు అడ్డం లేకుండా అనుభవించి ఉండాలి. పక్కాయన వచ్చే ఏడాదే గోడ లేపితే మీ కిటికీ ముందు ఇటుకలే.

గీతలపని: నాది వదలమనే పక్షం. 6×6 అంటే అంతస్తుకు 36 చదరపు అడుగులు. ఇంటి మధ్యలో ఉన్న ఏ గదికీ ఇంకో దారిన వెలుతురు రాదు. ముందు గదికి రోడ్డు వెలుతురు, వెనక గదికి కాస్త ఖాళీ వదిలితే అదీ వస్తుంది. మధ్య 15 అడుగులూ పగలే లైటు వేసుకునే చీకటి కొట్టు. ఇలాంటి ఇళ్లు ఊరంతా ఎందుకున్నాయంటే, 2020లో టీఎస్ బీపాస్ (తెలంగాణలో ఇంటి అనుమతుల ఆన్‌లైన్ పద్ధతి) వచ్చాక 75 గజాల్లోపు, 7 మీటర్ల ఎత్తు వరకు రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలన్నారు. మంచి వెసులుబాటే. కానీ ప్లాన్ గీసేవాళ్ల గడప తొక్కే అవసరం లేకుండా పోయింది.

సైట్‌మీదోడు: ఆరడుగుల గుంతలోకి ఎండ ఎక్కడ దిగుతది సారూ?

గీతలపని: సరైన ప్రశ్నే. హైదరాబాద్ 17.4 డిగ్రీల అక్షాంశం. డిసెంబర్ మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఆరడుగుల సందులో ఆ ఎండ ఏడడుగులే దిగుతుంది, అంటే పై అంతస్తు దాటదు. మే రెండో వారం, ఆగస్టు మొదటి వారంలో సరిగ్గా నెత్తిమీదికొస్తాడు, అప్పుడు మాత్రం నేలదాకా. అంటే కావలసినప్పుడు రాడు, వద్దన్నప్పుడు వస్తాడు! అయితే అడిగింది ఎండ కాదు కదా, వెలుతురు. గోడలకు తెల్ల సున్నం కొడితే ఆకాశపు వెలుతురు తట్టుకుంటూ కిందికి దిగుతుంది. ముదురు రంగు టైల్స్ అతికించారో, ఆ ఖర్చంతా వృథా.

ప్లాన్‌పిచ్చి: జపాన్‌లోని ఒసాకాలో తడావో అండో అనే ఆర్కిటెక్ట్ 1976లో సుమియోషిలో కట్టిన ఇల్లు చూడండి. ఇరుకు ప్లాటే, మధ్య మూడో వంతు పూర్తిగా ఆకాశానికే వదిలేశాడు.

సైట్‌మీదోడు: ఆ ఇంట్ల వాన పడితే పడకగది నుంచి బాత్రూమ్‌కు గొడుగేసుకుని పోవాలంట కద. మా అత్తమ్మ ఒప్పుకోదు.

గీతలపని: అందుకే పూర్తిగా తెరవమనట్లేదు. పైన ఇనుప గ్రిల్, దాని మీద లామినేటెడ్ గ్లాస్ (పగిలినా ముక్కలు రాలని అద్దం). గ్లాసుకీ పిట్టగోడకీ మధ్య అడుగున్నర ఖాళీ, ఆ ఖాళీకి జాలీ. వేడి గాలి అటు పోతుంది, పావురం ఇటు రాదు. చుట్టూ మూసేసి పాలీకార్బొనేట్ షీటు వేస్తే ఏప్రిల్‌లో ఇల్లు పొయ్యే. బాత్రూమ్ వెంటిలేటర్లు మాత్రం అందులోకి తెరవకండి, వాసనంతా హాల్లోకే.

సైట్‌మీదోడు: దుమ్ము ఎవడు తుడవాలె?

గీతలపని: టెర్రస్ నుంచి చేయి అందేలా పెడితే చీపురు చాలు. ఇక్కడ మీతో వాదించను, తుడవకపోతే మూడు నెలల్లో మసకబారుతుంది.

బోడుప్పల్_వాసి: మెట్లు దాని పక్కనే పెడితే ఎలా ఉంటుంది? లోపల వెడల్పు పదమూడున్నరే మిగులుతోంది. ఇంకా స్లాబు పడలేదు.

గీతలపని: ఉత్తరం గోడకు ఆనించండి, మెట్టుకీ మెట్టుకీ మధ్య నిలువు సందు మూయకుండా ఇనుప మెట్లు పెట్టండి. ఆ వెలుతురే మెట్ల సందుల్లోంచి కింది వంటింటికి పోతుంది. స్లాబుకు ముందే మేస్త్రీతో కొలతలు ఖాయం చేసుకోండి, ఆ ఆరడుగుల్లో అంగుళం అంగుళం కలుపుకుంటూ పోతారు.