మా తమ్ముణ్ని నాన్న తన ట్యాక్స్ లెక్కలో డిపెండెంట్‌గా (తన మీద ఆధారపడినవాడిగా) చూపించొచ్చా? (అమెరికా, 2025 ట్యాక్స్)

ప్రశ్న:
తమ్ముడికి 22 ఏళ్లు, అమెరికా సిటిజన్, పెళ్లి కాలేదు. 2025 మేలో డిగ్రీ అయిపోయింది. జులై 20న ఉద్యోగం కోసం వేరే ఊరు మారాడు. డిసెంబర్ దాకా జీతం 34,000 డాలర్లు, అందులో తన ఖర్చులకి వాడింది 14,000. స్ప్రింగ్ ఫీజుకి తన పేరు మీదే 6,000 లోన్, ఇంకో 8,000 స్కాలర్‌షిప్. నాన్న పెట్టింది ఫీజు, తిండి, ఇల్లు అన్నీ కలిపి 18,000. అంత జీతం వస్తే డిపెండెంట్ ఎలా అవుతాడని కొందరు అంటున్నారు. తమ్ముడు తన ట్యాక్స్ ఫారం 1040లో ‘నన్ను వేరొకరు డిపెండెంట్‌గా చూపించొచ్చు’ అనే బాక్స్ టిక్ చేయాలా?

జవాబు 1:
జీతం చూసి తేల్చకూడదండీ. డిపెండెంట్ అవడానికి రెండు దారులు: క్వాలిఫయింగ్ చైల్డ్, క్వాలిఫయింగ్ రిలేటివ్. 5,200 డాలర్ల ఆదాయ పరిమితి క్వాలిఫయింగ్ రిలేటివ్‌కి. ముందు క్వాలిఫయింగ్ చైల్డ్ అవుతాడేమో చూడాలి. డిసెంబర్ 31కి 24 నిండలేదు, జనవరి నుంచి మే దాకా ఐదు నెలలు ఫుల్‌టైమ్ స్టూడెంట్, కాబట్టి వయసు సరిపోయింది. సగం ఏడాదికి పైగా నాన్న ఇంట్లో ఉండాలి; హాస్టల్ రోజులూ ఇంట్లో ఉన్నట్టే లెక్క, అంటే జులై 19కి 200 రోజులు. జూన్ నెలాఖరుకే మారిపోయుంటే 181 రోజులే, సగం ఏడాదికి తక్కువ! ఇక సపోర్ట్, అంటే తన పోషణ ఖర్చులో సగానికి మించి తనే పెట్టుకుని ఉండకూడదు: బ్యాంకులో దాచుకున్నదీ, జీతంలో కోసిన ట్యాక్సూ లెక్కలోకి రావు. తమ్ముడిది 14,000, నాన్నది 18,000. నాన్న చూపించొచ్చు.

జవాబు 2:
లోన్ మర్చిపోయారు. తన పేరు మీద తీసుకుని ఫీజుకి కట్టిన లోన్ తను పెట్టుకున్న ఖర్చే. నాన్న పేరు మీద పేరెంట్ ప్లస్ లోనైతే నాన్న ఖాతాలోకి వెళ్లేది. స్కాలర్‌షిప్‌ని మొత్తంగా పక్కన పెట్టాలి. అప్పుడు తమ్ముడిది 20,000, మొత్తం 38,000, అందులో సగం 19,000. వెయ్యి డాలర్ల తేడాతో డిపెండెంట్ కాడు. 34,000 ఆదాయంతో క్వాలిఫయింగ్ రిలేటివ్ దారీ లేదు. టిక్ వద్దు.

అయితే ఆ 18,000 మళ్లీ సరిచూడండి. ఇంటి లెక్క అంటే నాన్న కట్టే మార్ట్‌గేజ్‌లో వాటా కాదు, ఆ వసతికి బయట ఎంత అద్దె వస్తుందో అది. అక్కడ 2,000 గానీ అంతకు మించి గానీ పెరిగితే ఫలితం తిరగబడుతుంది. ఐఆర్ఎస్ (అమెరికా పన్ను శాఖ) పబ్లికేషన్ 501లో వర్క్‌షీట్ ఉంది, నింపి దాచుకోండి.

ప్రశ్న అడిగినవారు:
నాన్న ఇప్పటికే అతన్ని చూపించి ఫైల్ చేసేశారు. పోనీ, అలాగే వదిలేస్తే?

జవాబు 2:
వదలకండి, నాన్న 1040-ఎక్స్‌తో సవరించాలి. నాన్న ముందే చూపించినందుకు తమ్ముడి ఈ-ఫైల్ రిజెక్ట్ అయితే పేపర్ మీద పోస్టులో పంపొచ్చు. ఒకవేళ లెక్క నాన్న వైపు తిరిగితే, ఆయన చూపించకపోయినా తమ్ముడు టిక్ చేయాల్సిందే. ఆ బాక్స్ అడిగేది చూపించే వీలుందా అని. టిక్ చేసినా ఈ జీతానికి స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను పడకుండా ఆదాయంలోంచి తీసేసే మొత్తం) 15,750 తగ్గదు. తేడా ముఖ్యంగా వచ్చేది ఎడ్యుకేషన్ క్రెడిట్ (చదువు ఖర్చుకి పన్నులో ఇచ్చే తగ్గింపు) దగ్గర.