అప్‌డేట్: చలికాలం పొద్దున స్టీరింగ్ వణుకు – కారణం దొరికింది

పొద్దున్నే స్టార్ట్ చేయగానే సీటు, స్టీరింగ్ వణుకుతున్నాయని, పది నిమిషాలు నడిపాక తగ్గిపోతోందని డిసెంబర్‌లో అడిగాను. పెట్రోల్, మాన్యువల్ బండి. సాయం చేసిన అందరికీ థ్యాంక్స్.

తప్పు కుడివైపు ఇంజిన్ మౌంటింగ్‌ది (ఇంజిన్‌ను బాడీకి పట్టి ఉంచి, అదురును ఆపే రబ్బరు దిమ్మ). అందులో ఉండే ఆయిల్ కారిపోయి, రబ్బరు చీలింది. కింద బ్రాకెట్ మీద నల్లటి జిడ్డు మరక, దానికి అంటుకున్న దుమ్ము కనిపించాయి. చలికి రబ్బరు గట్టిపడుతుంది, ఆయిల్ లేక అదురు నేరుగా బాడీకి ఎక్కుతుంది. వేడెక్కితే రబ్బరు మెత్తబడుతుంది, అందుకే మధ్యాహ్నం చూపిస్తే మెకానిక్‌కు ఏమీ దొరకలేదు. రాత్రంతా షెడ్డులోనే వదిలి, పొద్దున వాళ్లనే స్టార్ట్ చేయమనండి.

ఇక్కడ ఒకరు చెప్పిన పరీక్షే పట్టించింది: బానెట్ తెరిచి, హ్యాండ్‌బ్రేక్ లాగి, బ్రేక్ గట్టిగా తొక్కి, ఫస్ట్‌లో, తర్వాత రివర్స్‌లో క్లచ్ కొద్దిగా వదలాలి. ఇంజిన్ ఒక్కసారిగా ఎగిరి పక్కకు ఒరిగింది. బండి ముందు, వెనక మాత్రం ఎవరూ నిలబడకూడదు.

వీల్ బ్యాలెన్సింగ్‌కు దీంతో సంబంధం లేదు. నిలబడ్డ బండిలోనే వణుకు వస్తుంటే టైర్ల జోలికి పోనక్కర్లేదు. ప్లగ్గులు మార్చినా తేడా రాలేదు.

కొత్త మౌంటింగ్ బిగించేటప్పుడు సంప్ (ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) కింద చెక్క పెట్టి జాకీతో ఇంజిన్ ఆనించాలి. బోల్టులు ముందు వదులుగా ఎక్కించి, ఇంజిన్ బరువు మౌంటింగ్ మీద కూర్చున్నాకే టార్క్ రెంచితో (బిగింపును కొలిచే పానా) బిగించాలి. లేకపోతే కొత్త రబ్బరు మెలిపడి వణుకు మళ్లీ వస్తుంది. గుజిరీ మౌంటింగ్ వద్దు, దాని రబ్బరూ పాతదే.