వానలో మంచె మీద తుపాకీ తుప్పు పట్టకుండా ఎలా కాపాడుకోవాలి?

అన్నలూ, మాది ఒడిశాలో గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గర మహేంద్రతనయ నది ఒడ్డున పొలం. మొక్కజొన్నకి అడవిపందుల బెడద, అందుకే నాన్న పేరు మీద పంట కాపలా లైసెన్స్‌తో పాత 12 బోర్ డబుల్ బ్యారెల్ (రెండు గొట్టాల) తుపాకీ ఉంది (వేటకి కాదండోయ్, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సంగతి మాకూ తెలుసు).

శ్రావణం వచ్చిందంటే రాత్రంతా మంచె మీదే, పైన టార్పాలిన్ ఉన్నా జల్లు పక్కనుంచి కొడతాది, పొద్దున్నే తెచ్చి క్యాన్వాస్ సంచిలో పెట్టేసేవాళ్ళం, మొన్న తీసి చూస్తే ట్రిగ్గర్ గార్డ్ మీద నాన్న వేళ్ళు పడే చోటే సరిగ్గా ఎర్రగా చుక్కలు! చెమటలో ఉప్పు వల్లే అనుకుంటున్నా. సంచి కూడా లోపల చెమ్మగా ఉంది, దాన్ని అవతల పడేశా.

ఇన్నాళ్ళూ కొబ్బరినూనె రాశాం, అదేమో జిగురు కట్టి దుమ్ము పట్టేసింది. ఇప్పుడు కుట్టుమిషన్ ఆయిల్ పల్చగా రాస్తున్నా, చాలుతుందా, లేక గ్రీజు పుయ్యాలా? గొట్టం లోపల రాసిన ఆయిల్ కాల్చేముందు పూర్తిగా తుడిచెయ్యాలి కదా? నిలబెట్టి ఉంచితే ఆయిల్ దిగి కర్ర మెత్తబడుతుందంటున్నారు, అందుకని పడుకోబెడుతున్నా. ఇనప బీరువాలో చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలు ఎన్నాళ్ళకోసారి మార్చాలి? ఆ ఎర్ర చుక్కల్ని ఉప్పుకాగితంతో రుద్దితే నల్లరంగు పోతుందని భయం, ఇంకేదైనా దారి ఉంటే చెప్పండి.